సంఘంలో ఒకరిని శిష్యుడిగా పెంచడం ఎలా: విశాఖ విశ్వాసుల కోసం ఒక మార్గదర్శి

ఋషికొండ దగ్గరో భీమిలి దగ్గరో తెల్లవారుజామున సముద్రంలో బాప్తిస్మం జరుగుతుంది. పాటలు, ఫోటోలు, ఆదివారం ప్రభువు బల్ల, సంఘం రిజిస్టర్‌లో కొత్త పేరు. మూడు నెలలు పోయాక ఆ కుర్రాడు ఎలా ఉన్నాడని అడగండి. "వస్తున్నాడండీ, వెనక కుర్చీల్లో కూర్చుంటున్నాడు" అంటారు. అతను రోజూ బైబిలు చదువుతున్నాడా? ఇంట్లో అమ్మానాన్నలతో గొడవేమైనా ఉందా? జీతం ఎటు పోతోంది? ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం ఎవరి బాధ్యతా కాదు కాబట్టి తెలియదు.

మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఇళ్లలో జరిగే కాటేజీ మీటింగ్, ఏడాదికోసారి మూడు రోజుల ఉజ్జీవ కూటాలు, వీటికి తోడు యూట్యూబ్. వినడానికి ఇంత ఉంది. పక్కన కూర్చుని "నీ సంగతేంటి?" అని అడిగే మనిషే లేడు. ఆ మనిషి మీరు కావాలనుకుంటే ఏం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది పాస్టర్లకోసమే రాసింది కాదు. కొన్నేళ్లుగా విశ్వాసంలో నిలకడగా ఉన్న ఉద్యోగి, గృహిణి, రిటైరైన టీచర్ ఎవరైనా చేయగల పని.

ముందు పాస్టర్ గారితో మాట్లాడండి

ఈ మెట్టు దాటేసి మొదలుపెట్టినవాళ్లు చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. ఇద్దరు ముగ్గురు యవ్వనస్థులు ఒకే అన్నయ్య చుట్టూ తిరుగుతుంటే "వేరే గుంపు కడుతున్నాడు" అనే మాట పుట్టడానికి రెండు వారాలు చాలు. సంఘాలు చీలిన చేదు అనుభవాలు ఉన్నచోట ఆ అనుమానం తప్పు కూడా కాదు.

కాబట్టి నేరుగా వెళ్లి చెప్పండి: "అయ్యగారూ, ఫలానా తమ్ముడితో వారానికోసారి కూర్చుని మార్కు సువార్త చదువుదామనుకుంటున్నాను. మీకు సమ్మతమేనా? అతని సొంత విషయాలు మాత్రం అతని అనుమతి లేకుండా మీక్కూడా చెప్పలేను." చివరి వాక్యం మొదటి రోజే చెప్పడం ముఖ్యం, తర్వాత చెబితే దాచినట్టు ఉంటుంది. పాస్టర్ గారు వెనకాడితే నిర్గమకాండం 18వ అధ్యాయం గుర్తుచేయవచ్చు. పొద్దుటి నుంచి సాయంత్రం వరకు మోషే ఒక్కడే అందరి గొడవలూ వింటుంటే మామ యిత్రో వచ్చి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, భారం పంచుకో అన్నాడు. రెండు వందల కుటుంబాలున్న సంఘంలో ఒక్క పాస్టర్ అందరి ఇళ్ల సంగతీ చూసుకోవడం అయ్యే పని కాదు.

ఎవరిని ఎంచుకోవాలి

ఒకరిని. మరీ అయితే ఇద్దరిని. ఐదుగురిని పెట్టుకుంటే అది బైబిల్ క్లాసు అవుతుంది, అది మంచిదే గానీ దీని లెక్క వేరు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక 2:2లో కొలత ఉంది: "ఇతరులకును బోధించుటకు సామర్థ్యముగల నమ్మకమైన మనుష్యులకు అప్పగింపుము." నమ్మకం ముందు చూడండి. మనం సాధారణంగా కీబోర్డు వాయించేవాణ్ణి, బాగా పాడే అమ్మాయిని, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి చూస్తాం. నన్నడిగితే ఆరాధన అయ్యాక ఎవరూ చెప్పకుండానే కుర్చీలు సర్దే కుర్రాణ్ణి చూడండి. ప్రసంగం తర్వాత వచ్చి "ఆ మాట నాకర్థం కాలేదు" అని అడిగే అమ్మాయిని చూడండి. వస్తానన్న టైముకి వచ్చేవాళ్లని చూడండి.

విశాఖలో ఒంటరితనం ఎక్కువ, అది కంటికి కనపడదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చి మద్దిలపాలెంలోనో అక్కయ్యపాలెంలోనో గదుల్లో ఉండే కుర్రాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, నేవీ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన భర్త వెంట కొత్త ఊళ్లో అడుగుపెట్టిన ఇల్లాళ్లు సంఘంలో ముందు వరుసకు రారు. మీ చూపు వాళ్ల మీద కూడా పడాలి.

మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. ఇందులో మినహాయింపులు వెతకొద్దు. తీతుకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పెద్ద వయసు స్త్రీలు యవ్వన స్త్రీలకు నేర్పాలని ఉంది. మన సంఘాల్లో ఎక్కువగా ఎండిపోయింది ఈ భాగమే. పాస్టరమ్మగారు ఒక్కరే అందరికీ అమ్మగా ఉండాలని ఆశిస్తాం. అరవై దాటిన ఎందరో తల్లులు ఏళ్ల తరబడి ప్రార్థించి, కుటుంబాలు నిలబెట్టి, ఆ అనుభవం అడిగేవాళ్లు లేక ఊరికే కూర్చుని ఉన్నారు.

దగ్గరి బంధువునీ, మీ కింద పనిచేసేవారినీ, మీకు అప్పున్నవారినీ ఎంచుకోవద్దు. వాళ్లు మనసు విప్పలేరు.

మొదటి రోజే తేల్చుకోవాల్సినవి

"అప్పుడప్పుడు కలుద్దాం తమ్ముడూ" అంటే ఎప్పటికీ కలవరు. టీ తాగుతూ కొన్ని విషయాలు తేల్చుకోండి. ఎంత కాలం: ఆరు నెలలు, ఆ తర్వాత ఆపేయాలో కొనసాగించాలో ఇద్దరూ కలిసి అనుకోవాలి. ఎంతసేపు: వారానికి ఒక గంట. ఏం చదవాలి: ఒక సువార్త. రాలేకపోతే ముందురోజే ఫోన్. మీకు నచ్చకపోతే మానేయొచ్చు, నేను ఏమీ అనుకోను అనే మాట కూడా పైకి చెప్పాలి. మన దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్లకు "వద్దు" అని చెప్పలేరు, మెల్లగా ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఇంకో సంగతి. "ఆత్మీయ తండ్రి" అనే పిలుపు దగ్గర జాగ్రత్త. పౌలు తనను తండ్రితో పోల్చుకున్నాడు, నిజమే. కానీ ఇవాళ ఆ పేరు మీద ఎవరిని పెళ్లి చేసుకోవాలి, ఏ ఉద్యోగంలో చేరాలి, కానుక ఎవరికివ్వాలి అన్నీ ఒక మనిషే నిర్ణయించే పద్ధతి కొన్నిచోట్ల పెరిగింది. అన్నా, అక్కా అనే పిలుపులు చాలు. సలహా ఇవ్వండి, నిర్ణయం వాళ్లకే వదలండి. వాళ్ల కానుక, దశమభాగం మీ చేతిలోకి రాకూడదు.

ఎక్కడ, ఎప్పుడు

ఈ ఊరి బతుకు గడియారం ఒకేలా ఉండదు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే తమ్ముడికి ఏ, బీ, సీ షిఫ్టులు మారుతుంటాయి. "ప్రతి మంగళవారం సాయంత్రం" అని పెట్టుకుంటే నెలలో సగం పోతుంది. అతని షిఫ్ట్ చార్ట్ ఫోటో మీ ఫోన్‌లో పెట్టుకుని దాన్నిబట్టి రోజు మార్చుకోండి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాణ్ణి పొద్దున్నే కూర్చోబెట్టి మార్కు సువార్త చదివించడం ఆత్మీయత అనిపించుకోదు, పడుకోనివ్వండి. మధురవాడ వైపు ఐటీ ఉద్యోగులకు శనివారం ఉదయం కుదురుతుంది. పెదజాలారిపేట లాంటి చోట్ల వేటకెళ్లేవాళ్లయితే, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు మనుషులు ఒడ్డునే ఉంటారు, చేతిలో డబ్బు తక్కువ, మనసులో టెన్షన్ ఎక్కువ. దగ్గరగా ఉండాల్సిన కాలం అదే.

నలుగురూ కనిపించే చోట కలవండి. శివాజీ పార్కు బెంచీ, తెన్నేటి పార్కు, సంఘం వరండా, ఇంట్లో అయితే ఇంటివాళ్లు ఉన్నప్పుడు. ఆడవాళ్లకు పిల్లలు స్కూలు నుంచి రాకముందు మధ్యాహ్నం వేళ ఇంటి ముందు గదే అన్నిటికన్నా వీలు. పద్దెనిమిదేళ్లు నిండనివారితో ఒంటరిగా, తలుపు వేసిన గదిలో ఎప్పుడూ కూర్చోకండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, కలిసే చోటు వాళ్లకు తెలిసి ఉండాలి.

గాజువాకలో ఉన్నవాళ్లు, ఎంవీపీ కాలనీలో ఉన్నవాళ్లు ప్రతివారం కలవడానికి ఎన్ఏడీ కూడలి ట్రాఫిక్ ఒప్పుకోదు. ఒక వారం ఎదురుగా, ఒక వారం ఫోన్‌లో పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో రోజూ వాక్యం ఫార్వర్డ్ చేయడాన్ని మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి.

ఆ గంట ఎలా నడపాలి

మొదటి పావుగంట వాళ్లది. "వారం ఎలా గడిచింది?" అని అడిగి ఊరుకోండి. "దేవుని కృప అన్నా, బాగానే ఉంది" అంటారు. అది జవాబు కాదు, మన సంఘాల్లో పలకరింపు. కొంచెం ఆగి ఇంకోటి అడగండి: "ఈ వారం నీకు బాగా కోపం వచ్చిందెప్పుడు?" "నిద్ర పట్టనిది ఏ రోజు?" ఇలా ఒక్కటి చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. చెబుతున్నప్పుడు మధ్యలో వచనం అందుకోవద్దు. బోధించడం అలవాటైనవాళ్లకు ఇది చాలా కష్టం.

తర్వాత అరగంట వాక్యం. మార్కు సువార్తతో మొదలుపెట్టమని ఎందుకంటున్నానంటే, అది 16 అధ్యాయాలే, వారానికొకటి చొప్పున నాలుగు నెలల్లో అవుతుంది. కథ వేగంగా కదులుతుంది, శిష్యులు మొద్దుగా ప్రవర్తించడం దాచకుండా చెబుతుంది. పైకి చదివించండి. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు మన పాత బైబిలు తెలుగు గొంతు దిగదు. చదివాక పుస్తకం మూసి "ఇప్పుడు మీ చెల్లికి చెప్పినట్టు చెప్పు" అనండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ ఆగి మాట్లాడండి. సులభ తెలుగు అనువాదం పక్కన పెట్టుకుంటే తప్పేమీ లేదు.

ప్రశ్నలు మూడు చాలు. ఇక్కడ యేసు ఏం చేశాడు? ఇందులో నీకు మింగుడు పడనిది ఏది? ఈ వారం దీన్ని బట్టి నువ్వు చేయగల ఒక పని ఏది? మూడోదానికి "ఇంకా బాగా ప్రార్థిస్తాను" అంటే ఒప్పుకోకండి. "అన్నయ్యతో ఆరు నెలలుగా మాట్లాడట్లేదు, ఆదివారం ఫోన్ చేస్తాను" అన్నది పని. వచ్చేవారం మొదటి ప్రశ్న దాని గురించే ఉండాలి. ఉదాహరణకు 10వ అధ్యాయం చదివారనుకోండి. యాకోబు, యోహాను కుడి ఎడమల కుర్చీలు అడుగుతారు. మిగతా పదిమందికి కోపం వస్తుంది. యూత్ కమిటీ ఎన్నికల్లో జరిగేదీ అదే కదా అని నవ్వుకుంటూ మొదలైన మాట, ఆఫీసులో జూనియర్‌తో మాట్లాడే తీరు దాకా వెళుతుంది.

చివర ప్రార్థన. మీరు పెద్ద ప్రార్థన చేసేస్తే వాళ్లు ఆమేన్ అనడం తప్ప నేర్చుకునేది లేదు. వాళ్లను నాలుగు వాక్యాలు సొంత మాటల్లో చేయమనండి. ప్రార్థన భాష అని మనం అలవాటు చేసుకున్న ధోరణిని నేర్పకండి.

పైకి రాని విషయాలు

రెండో మూడో నెలలో అసలు సంగతులు బయటికొస్తాయి. లోన్ యాప్ అప్పులు, ఫోన్‌లో చూసే చెడ్డ వీడియోలు, మందు, ఇంట్లో తెలియని ప్రేమ. మొహంలో ఆశ్చర్యం చూపించారా, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. "ఎప్పటినుంచి?" "ఎప్పుడు ఎక్కువవుతోంది?" అని మామూలుగా అడగండి. అప్పు అయితే కాగితం మీద మొత్తం రాయించండి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. మీ జేబులోంచి అప్పు మాత్రం ఇవ్వకండి. ఇచ్చిన రోజునుంచి మీరు అన్న కాదు, అప్పిచ్చినవాడు.

పెళ్లి విషయంలో మన సంఘాల్లో కులం బతికే ఉంది, బల్ల దగ్గర కనిపించదు గానీ సంబంధాల దగ్గర కనిపిస్తుంది. మీ శిష్యుడు దీని గురించి అడిగినప్పుడు తప్పించుకునే జవాబు ఇవ్వకండి. క్రీస్తులో అందరూ ఒక్కటే అని చెప్పే గలతీ 3:28 చదివి, మీ సొంత ఇంట్లో ఏం చేశారో నిజం చెప్పండి.

హిందూ కుటుంబం నుంచి ఒంటరిగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు మరో రకం కష్టం. పండగ రోజు ప్రసాదం తినాలా వద్దా, నాన్న పోతే కర్మలో ఏం చేయాలి? తిండి విషయంలో మనస్సాక్షి గురించి మాట్లాడే 1 కొరింథీ 8, రోమా 14 అధ్యాయాలు కలిసి చదవండి, వాళ్ల మనస్సాక్షిని వాళ్లనే వెతుక్కోనివ్వండి. ఇల్లు వదిలి రమ్మని ఎప్పుడూ అనొద్దు. వీలైతే ఒకసారి వాళ్లింటికి వెళ్లి అమ్మకు నమస్కారం పెట్టి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి రండి. కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో అని ఆమెకుండే భయం చాలావరకు తగ్గుతుంది.

రహస్యం, దాని హద్దులు

మన దగ్గర రహస్యం బయటపడే దారి చాడీ కాదు, ప్రార్థన మనవి. "ఫలానా తమ్ముడు ఒక బలహీనతలో ఉన్నాడు, పేరు చెప్పను, ప్రార్థించండి" అంటే చాలు, సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. మీ భార్యకో భర్తకో కూడా చెప్పకండి. ఇద్దరి మధ్య విన్నది ప్రసంగంలో ఉదాహరణగా అసలే రాకూడదు.

కానీ అన్నీ దాచకూడదు, ఈ మాట మొదటి రోజే చెప్పి ఉండాలి. చనిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కలిసి ఫోన్ చేయండి, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో వెంట వెళ్లండి. డాక్టర్ రాసిన మాత్రలు విశ్వాసం పేరుతో ఆపమని చెప్పే హక్కు మీకు లేదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. దాడి చేసినవాడు సంఘ పెద్ద అయినా, సంఘం పరువు పోతుందని ఎవరు అన్నా సరే. భర్త కొడుతున్నాడని ఒక అక్క చెబితే "సర్దుకో, ప్రార్థించు" అని పంపేయకండి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ముందు ఆమె ప్రాణం, ఆ తర్వాత రాజీ సంగతి.

కూడా తీసుకెళ్లండి

మార్కు 3:14 చూడండి. యేసు పన్నెండుమంది శిష్యులను నియమించిన మొదటి కారణం, "తనతో కూడ ఉండునట్లును." పంపడం దాని తర్వాత వచ్చింది. జాలారి కుర్రాడు వల వేయడం తండ్రితో పడవ మీద ఉండి నేర్చుకుంటాడు. సేవ కూడా అలాగే వస్తుంది, నోట్సు రాసుకుంటే రాదు.

కేజీహెచ్‌లో సంఘస్థులెవరైనా అడ్మిట్ అయితే మీ బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్లండి. మొదటిసారి చూడనివ్వండి. వార్డులో గొంతు పెంచకూడదు, పక్క మంచం వాళ్లకు ఇబ్బంది కలగకూడదు, పది నిమిషాలు మించకూడదు, "లేచి నడుస్తావు" అని మీరు మాట ఇవ్వకూడదు, వెళ్లేముందు అటెండెంట్ తిన్నదీ లేనిదీ అడగాలి. బయటికొచ్చాక "ఏం గమనించావు?" అని అడగండి. రెండోసారి వాక్యం అతను చదువుతాడు. మూడోసారి ప్రార్థన అతనిదే, మీరు వెనక నిలబడతారు. ఇదే వరుస సండే స్కూల్ క్లాసుకీ, కాటేజీ మీటింగ్‌కీ పనికొస్తుంది. బాగా చేయకపోతే అందరి ముందు సరిదిద్దకండి. అకుల, ప్రిస్కిల్ల దంపతులు అపొల్లో అనే బోధకుడి మాటల్లో లోటు గమనించినప్పుడు అతన్ని చేర్చుకుని విడిగా చెప్పారు (అపొస్తలుల కార్యములు 18:26).

మీ ఇంటికి కూడా రానివ్వండి. ఇల్లాలితో మీరు ఎలా మాట్లాడతారో, కరెంటు పోయినప్పుడు పిల్లల మీద విసుక్కుంటారో లేదో చూస్తారు. అది చూడటమూ శిక్షణలో భాగమే.

జారిపోతే

రెండు వారాలు రాలేదు, ఫోన్ ఎత్తట్లేదు. ముందు ఇంటికెళ్లండి, కారణం చాలాసార్లు మామూలుదే: ఎగ్జామ్స్, ఓవర్‌టైమ్, ఊళ్లో చావు. పడిపోయి సిగ్గుతో దాక్కున్నా సరే, మొదట మాట్లాడాల్సింది ఆ పాపం గురించి కాదు. "తిన్నావా?" అనండి. సువార్త ప్రయాణంలో పంఫూలియ దగ్గర మార్కు మధ్యలో వదిలేసి వెళ్లిపోతే పౌలు మళ్లీ వెంట తీసుకెళ్లనన్నాడు, తోటి సేవకుడు బర్నబా అతన్ని తీసుకుని కుప్ర (సైప్రస్) దీవికి ఓడెక్కాడు. ఏళ్ల తర్వాత అదే పౌలు, మార్కు నాకు ప్రయోజనకరుడు, వెంటబెట్టుకుని రా అని తిమోతికి రాశాడు. పౌలు నిర్ణయం తప్పని నేననను, ప్రయాణం ప్రమాదకరం. కానీ ప్రతి సంఘానికీ ఒక బర్నబా కావాలి.

ఇద్దరికీ పొసగకపోతే అదీ జరుగుతుంది. మూడో నెలలోనే ఒప్పుకుని ఇంకొకరికి అప్పగించండి.

ఆరు నెలల చివర

ఇది వాయిదా వేయకండి. మీరు లేకపోతే వారం గడవదన్నంత అలవాటు పడ్డారంటే పని సగమే అయినట్టు. చూడాల్సినవి కొన్నే: తనంతట తాను వాక్యం తెరుస్తున్నాడా, తప్పు చేసినప్పుడు తనే వచ్చి చెబుతున్నాడా, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు. ఇంట్లోవాళ్ల మాటకే ఎక్కువ విలువివ్వండి.

విశాఖకు 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే విశ్వాసితో కలిసి కూర్చుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో చనిపోయారు. ఐదేళ్లలో ఇద్దరూ పోయారు. అయినా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, తర్వాత వచ్చిన మిషనరీ ప్రిచెట్ చేతుల మీదుగా 1818లో కొత్త నిబంధన వచ్చింది. పని ఒక్కరి చేతిలోనే ఉండిపోయి ఉంటే వాళ్లతోపాటే సమాధి అయ్యేది.

కాబట్టి చివరి నెలలో ఒక పని చేయించండి. "నీ వెనక వచ్చినవాళ్లలో ఎవరితో కూర్చుంటావు?" అని అడిగి, ఒక పేరు అతన్నే చెప్పనివ్వండి. మీకు నచ్చిన పేరు మీరు అందించకండి. ఆ ఇద్దరూ పాస్టర్ గారికి చెప్పి రావాలి. మొదటి వారం ముగ్గురూ కలిసి కూర్చోండి, మాట్లాడేది అతను, మీరు టీ చెప్పండి. రెండో వారం నుంచి వెళ్లకండి. నెలకోసారి అతనికి ఫోన్ చేసి, అతని దగ్గరున్న తమ్ముడి రహస్యాలు అడక్కుండా, "నువ్వెలా ఉన్నావు?" అని మాత్రం అడగండి.